మీ సందేశం మాకు అందింది

బాపట్ల నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను తెనాలిలో, మారీసుపేటలోని మా ఇంటి పైగదిలో కూర్చుని ఒక చీరల కొట్టు వెబ్‌సైట్‌లోకి ఫొటోలు ఎక్కిస్తున్నాను. నా బతుకుతెరువు అదే. హైదరాబాదులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, విసుగొచ్చి సొంతూరికి తిరిగొచ్చేశాక, చుట్టుపక్కల కొట్లకీ నర్సింగ్ హోములకీ బడులకీ వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. ఎవరో చేసి వదిలేసినవి పాడైతే బాగుచేస్తాను. చేసేటప్పటికంటే బాగుచేసేటప్పుడే మనుషులు ఎక్కువ తెలుస్తారు.

ఫోన్ చేసినాయన బాపట్ల ఊరి బయట ఉన్న ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో ఏవో. అంటే ఆఫీసు పనులన్నీ చూసే అధికారి.

"మేడమ్, మన వెబ్‌సైట్‌లో 'మమ్మల్ని సంప్రదించండి' అని ఒక పేజీ ఉందండి. పేరు, మెయిలు, విషయం రాసి నొక్కితే మాకు రావాలి కదండి. ఒక్కటీ రావట్లేదు. అడ్మిషన్ల టైము. కరస్పాండెంట్ గారు ఒకటే అరుపులండి" అన్నాడు.

ఎండలు ఇంకా ముదరలేదు. పదో తరగతి పిల్లల కోసం కాలేజీలు వేట మొదలుపెట్టే రోజులు. మర్నాడు ఉదయం బాపట్ల వెళ్ళే రైలెక్కాను. నిడుబ్రోలు దాటాక రెండు పక్కలా వరి కోసేసిన మళ్ళలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. పని చిన్నదే, మధ్యాహ్నం బండికి వెనక్కి వచ్చేయొచ్చు అనుకున్నాను.

కాలేజీ గేటు లోపలికి అడుగు పెట్టగానే ముందు ముక్కుకి తగిలింది రూమ్ ఫ్రెష్‌నర్ వాసన. ఆఫీసు వరండా అంతా మల్లెపూల పేరుతో అమ్మే ఆ ఘాటు వాసన చల్లారు. దాని అడుగున ఇంకో వాసన ఉంది. పులిసిన సాంబారుదీ, తడి ఆరని గోడదీ, మురుగుదీ కలిసిన వాసన. మొదటిది రెండోదాన్ని కప్పకపోగా ఇంకా రోత పుట్టించింది. గోడ నిండా ర్యాంకుల పిల్లల ఫొటోలు, వాటి మధ్యలో కరస్పాండెంట్ గారి నిలువెత్తు ఫొటో, మెడలో శాలువా.

ఏవో గారు మర్యాదస్తుడిలాగే కనిపించాడు. కుర్చీ తుడిపించాడు. మూలనున్న నీళ్ళ క్యాన్ లోంచి గ్లాసు నింపి ఇస్తూ, "మీరేం అనుమానపడక్కర్లేదండి. ఇది బయట్నుంచి తెప్పించే నీళ్ళు. ఆఫీసుకి ప్రత్యేకం" అన్నాడు. ఆ 'ప్రత్యేకం' అన్న మాట అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, నూనె జిడ్డు. ముందు నేనే ఆ పేజీలో నా పేరు, నా మెయిలు అడ్రసు రాసి, 'పరీక్ష' అని టైపు చేసి పంపాను. వెంటనే ఆకుపచ్చ అక్షరాల్లో, పక్కన టిక్కు గుర్తుతో, ఒక వాక్యం వచ్చింది. 'ధన్యవాదాలు. మీ సందేశం మాకు అందింది.' కాలేజీ మెయిలు తెరిచి చూస్తే ఏమీ లేదు. స్పామ్‌లో వెతికాను. అందులోనూ లేదు.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇది నేను చాలాచోట్ల చూసిన జబ్బే. ఆ పేజీ చేసినవాడు, ఫారం నింపిన మనిషి మెయిలు అడ్రసునే 'పంపినవారు' అన్న చోట పెట్టేశాడు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ ఉత్తరాన్ని నిజంగా పంపుతున్నది ఆ మనిషి కాదు, కాలేజీ వెబ్‌సైట్ ఉన్న సర్వరు. రేపల్లెలో ఉన్న మనిషి పేరు పెట్టుకుని బాపట్లలో ఎవరో ఉత్తరం డబ్బాలో వేసినట్టన్నమాట. మెయిలు కంపెనీలు దాన్ని దొంగ ఉత్తరం కింద జమకట్టి గుమ్మంలోనే ఆపేస్తాయి. ఒకప్పుడు చూసీచూడనట్టు వదిలేసేవి, ఇప్పుడు వదలడం లేదు. వెబ్‌సైట్‌కి మాత్రం ఈ సంగతి పట్టదు. తన చేతిలోంచి ఉత్తరం జారగానే 'అందింది' అనేస్తుంది.

బాగుచేసే పద్ధతి కూడా కష్టమైనది కాదు. పంపినవారి చోట కాలేజీ సొంత అడ్రసు పెట్టాలి. ఫారం నింపిన మనిషి అడ్రసును 'జవాబు ఎవరికి వెళ్ళాలి' అన్న చోటికి మార్చాలి. ఈ సర్వరు మా తరఫున ఉత్తరాలు పంపొచ్చు అని కాలేజీ వెబ్ అడ్రసు తాలూకు డొమైన్ రికార్డుల్లో ఒక వరుస రాయాలి. ఏవో గారికి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూసుకుంటూ "ఊఁ, ఊఁ" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మార్పులన్నీ అయ్యాయి. మళ్ళీ 'పరీక్ష' పంపాను. ఈసారి వచ్చి పడింది. ఏవో గారు చప్పట్లు కొట్టినంత పని చేసి, కరస్పాండెంట్ గారికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆ రికార్డు అన్నిచోట్లకీ చేరడానికి కాస్త వ్యవధి పడుతుంది, ఇంకాసేపు ఉండి చూసి వెళతానన్నాను.

కిటికీలోంచి భోజనాల షెడ్డు కనిపిస్తోంది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. ఆ వయసు ఆడపిల్లలు అంతమంది ఒకచోట ఉండి అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెక్కడా చూడలేదు. షెడ్డు పక్కన సిమెంటు ట్యాంకు. మూత సగం విరిగి ఉంది. దాని కుళాయి దగ్గర ఒకమ్మాయి సీసా నింపుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, పారబోసి, మళ్ళీ నింపుకుంది. రెండోసారి చూడకుండానే మూత పెట్టేసింది.

అప్పుడే మెయిలు వచ్చిన చప్పుడయింది. నేను పంపింది కాదు, నిజంగా ఎవరో రాసింది. రేపల్లె దగ్గర పల్లెలో ఉండే ఒక అంగన్‌వాడీ టీచరు.

'అయ్యా, ఇంతకుముందు కూడా రాశాను. మా అమ్మాయి ఫస్టియర్ బైపీసీ. అన్నం తినడం లేదని, వాంతులవుతున్నాయని దాని స్నేహితురాలి తండ్రి చెప్పాడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే బాగానే ఉందంటున్నారు. ఒక్కసారి మాట్లాడించండి. ఇది ఫిర్యాదు కాదండి. భయం వేసి రాస్తున్నాను.'

ఏవో గారు నా భుజం మీదుగా వంగి చదివాడు. "ఓ, ఈవిడా!" అన్నాడు నవ్వుతూ. "రోజూ ఫోనేనండి. తట్టుకోలేక, అమ్మా, మీరేదన్నా ఉంటే వెబ్‌సైట్‌లో పెట్టండి, పైవాళ్ళు చూస్తారు అని చెప్పేశాను. అందరికీ అదే చెప్తాను. అందులో పెడితే మనకి రాదుగా మేడమ్."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "రాదని మీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలీకేం? ఎప్పట్నుంచో రావు. ఒకందుకు అదే నయమండి. వాళ్ళు రాసుకుంటారు, అందింది అని వస్తుంది, చల్లబడతారు. ఈ అడ్మిషన్ల గోల లేకపోతే ఎవడిక్కావాలి? కరస్పాండెంట్ గారు ఎంక్వైరీలు ఏవయ్యా అని అడిగారు కాబట్టి మిమ్మల్ని పిలవాల్సి వచ్చింది."

సిగ్గుపడలేదు, గొంతు తగ్గించలేదు. తన తెలివికి నేను కూడా నవ్వాలన్నట్టు నా మొహంలోకి చూశాడు. పళ్ళ మధ్య వక్కపొడి. నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

"ఆ అమ్మాయి ఎలా ఉంది?" అన్నాను.

"సిక్ రూంలో ఉందండి. కళ్ళు కాస్త పచ్చబడ్డాయి, అంతే. ఇంకో నలుగురైదుగురు కూడా ఉన్నారు. పరీక్షల ముందు ఇళ్ళకి పంపిస్తే చదువులు పాడైపోవూ?"

ఇంతలో ఆయనకి ఫోన్ వచ్చి వరండాలోకి వెళ్ళాడు. నేను బాత్రూముకని లేచి వెనక్కి నడిచాను. సిక్ రూం ఆ దారిలోనే ఉంది. తలుపు తీసే ఉంది. ఇనప మంచాలు, రెక్సిన్ పరుపులు, మధ్యలో ఒక ప్లాస్టిక్ బకెట్టు. ఆ బకెట్టు ఎవరూ పారబోయలేదు. ఈగలు ముసురుతున్నాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ పిల్లలు చూస్తున్నారని గుర్తొచ్చి తీసేశాను. కిటికీ పక్క మంచం మీది అమ్మాయి మోచేతుల మీద లేచింది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఆంటీ, మీరు ఎవరి అమ్మ?" అంది.

ఎవరి అమ్మనీ కాదన్నాను. ఊరేదని అడిగితే రేపల్లె పక్కన అని చెప్పింది. "మా అమ్మకి నేనిక్కడ ఉన్నట్టు తెలుసా అండి? చెప్పామన్నారు" అంది.

తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. జవాబు సరైన చోటికి వెళుతోందో లేదో ఎలాగూ చూడాలి. 'రిప్లై' నొక్కి ఇలా రాశాను. 'అమ్మా, మీ సందేశం ఇవాళే చేరింది. ఇంతకుముందు రాసినవేవీ చేరలేదు. మీ అమ్మాయి సిక్ రూంలో ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. వెంటనే వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.' పంపేశాను.

ఏవో గారు రాగానే ఆ మాట ఆయనకే చెప్పాను, దాచలేదు. ఆయన మొహంలో రంగు మారింది.

"మీరెవరండి జవాబివ్వడానికి? మీకు అప్పజెప్పిన పనేంటి?"

"జవాబు వెళ్ళేలా చెయ్యడమేగా. వెళ్ళింది" అన్నాను.

క్యాన్ నీళ్ళ గ్లాసు నేను ముట్టుకోకుండా అలాగే బల్ల మీద ఉంది. బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా ఆ మల్లెపూల వాసన నా చీరలోంచి పోలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, చీర నానబెట్టేశాను.

ఆ తరవాత జరిగింది ఆ తల్లి చెప్పగా విన్నాను. మర్నాడు తెల్లవారగానే రేపల్లె బండి పట్టుకుని తెనాలి వచ్చి, అక్కడ మారి బాపట్ల చేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పట్లాగే ఆపాడు. ఇవాళ పేరెంట్స్ రోజు కాదన్నాడు. ఆమె ఫోన్ తీసి మెయిలు చూపించింది. ఏవో గారు వచ్చి, అది ఎవరో ఆకతాయి పంపి ఉంటారన్నాడు.

"చూడండి సార్, పంపింది ఎవరో రాసుంది. మీ కాలేజీ అడ్రసే ఉంది. మీ కాలేజీనే రమ్మంటే వచ్చాను. తలుపు తియ్యండి" అందట.

తీయక తప్పలేదు. అమ్మాయిని ఆటోలో పడుకోబెట్టి, తెనాలి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చింది. పోతూపోతూ సిక్ రూంలో మిగిలిన పిల్లల ఇళ్ళ ఫోన్ నెంబర్లు అడిగి రాసుకుని, ఆటోలో కూర్చునే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. సాయంత్రానికి ఆ గేటు ముందు బళ్ళు ఆగాయి.

మెయిలు చివర నా పేరు లేదు కాబట్టి రాసిందెవరో ఆమెకి తెలియదు. కూతురే చెప్పిందట, ఎవరి అమ్మా కాని ఆంటీ ఒకావిడ వచ్చిందని. వాచ్‌మన్ని అడిగి, గేటు పుస్తకంలో నేను రాసిన నెంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆసుపత్రి మా ఇంటికి దూరం కాదు. వెళ్ళాను.

ఆమె సన్నగా, పొడుగ్గా ఉంది. అంగన్‌వాడీ చీరలోనే వచ్చేసింది, మార్చుకునే తీరిక దొరకలేదు. మెడలో నల్లపూసల బదులు చిన్న శిలువ గొలుసు. నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను. వార్డు బయట బల్ల మీద కూర్చుని ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాకు ఎవరి మీద రోతగా ఉందో తెలుసా అండి? నా మీదే. ఆ పేజీలో రాసి నొక్కితే అందింది అని వచ్చేది. హమ్మయ్య, ఎవరో ఒకరు చదువుతారులే అని ఆ పూట అన్నం తినేదాన్ని. అది అక్కడ కక్కుకుంటుంటే నేనిక్కడ తిన్నానండి."

"అది మీ తప్పు కాదమ్మా" అన్నాను.

"తప్పని కాదండి. మళ్ళీ మళ్ళీ నమ్మాను. వాళ్ళకి కోపం వస్తే పిల్లని సతాయిస్తారేమోనని ఎంత మెత్తగా రాశానో! 'అయ్యా' అని రాశాను. ఆ ముక్క తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది."

లోపల డాక్టరు పిలిస్తే లేచి వెళ్ళింది. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లన్నారు. విశ్రాంతి, మంచి తిండి ఉంటే తగ్గుతుందన్నారు. పక్క మంచం తాలూకు ముసలమ్మ నేల ఉసిరి పసరు పోయించమని చెబుతూనే ఉంది.

ఆ వారంలోనే కరస్పాండెంట్ గారు స్వయంగా ఫోన్ చేశారు. కోపంగా లేరు, అదే నాకు ఆశ్చర్యం. "ఒకసారి రామ్మా, మాట్లాడుకుందాం" అన్నారు. వెళ్ళకపోవాల్సింది. కానీ డొమైన్ తాళాలు, అంటే పాస్‌వర్డులు, ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటిని అప్పజెప్పి తెగతెంపులు చేసుకుందామని వెళ్ళాను.

ఏసీ గది. గంధపు కడ్డీలు వెలుగుతున్నాయి. బల్ల మీద జీడిపప్పు ప్లేటు. ఆయన తెల్లచొక్కా, నుదుట బొట్టు, మాట తేనె.

"పిల్లలు నా కన్నబిడ్డల్లాంటివాళ్ళమ్మా. ఏదో చిన్న పొరపాటు జరిగింది. ట్యాంకు కడిగించేశాం. కొత్త మూత వేయించాం. నీ పని చాలా బాగుంది, ఎంక్వైరీలు కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. ఇంకొక్క చిన్న మార్పు చేసిపెట్టు."

"ఏంటండి?"

"ఆ పేజీలో రెండు రకాలు పెట్టు. అడ్మిషన్ అని నొక్కితే మాకు రావాలి. సూచనలు, ఫిర్యాదులు అని నొక్కితే..." ఏదో గాల్లోకి వదిలేసినట్టు చెయ్యి తిప్పారు. "ఎక్కడికీ పోనక్కర్లేదు. కానీ అందింది అని మాత్రం రావాలమ్మా. ధన్యవాదాలు అని కూడా. ముందున్న దానికంటే కాస్త ప్రేమగా రాయి. తల్లిదండ్రులకి ఊరట కావాలి కదా."

ఆయన జీడిపప్పు నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలారు. ముందు ఆ వెబ్‌సైట్ చేసినవాడిది తెలియనితనం. ఏవో గారిది బద్ధకంతో కూడిన క్రూరత్వం. ఈయనది ఆలోచించి, వాక్యం కూడా చెక్కుకుని, ప్రేమగా చేద్దామనుకుంటున్న పని. గంధం వాసనకి డోకు వచ్చి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఒంట్లో బాగాలేదా అమ్మా? మంచినీళ్ళు తెప్పించనా?" అన్నారు.

"వద్దండి. ఇక్కడి నీళ్ళు వద్దు" అన్నాను. "ఆ పని నేను చెయ్యను. మీ డొమైన్ వివరాలు ఇవిగోండి. ఇంకెవర్నన్నా చూసుకోండి."

ఆయన నవ్వు చెదరలేదు. "ఇదేమన్నా పెద్ద విద్యా? మా బావమరిది కొడుకు చేస్తాడు. నీకెందుకమ్మా అంత చీదర? వ్యాపారంలో ఎవరు చెయ్యరు ఇలాంటివి?"

చేస్తారేమో. నేను చూసిన ఇలాంటి చాలా పేజీల వెనక చదివేవాళ్ళెవరూ లేరని ఆ తరవాత తెలిసొచ్చింది. బాపట్ల స్టేషన్లో ప్లాట్‌ఫాం కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. ఎంత కడుక్కున్నా ఆ గది నా మొహానికి అంటుకునే ఉన్నట్టుంది.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. అందరూ కలిసి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చారు. ముందు నడిచింది ఆ అంగన్‌వాడీ టీచరే. నన్ను అడిగితే, ఫారంలో లోపం ఏమిటో, బాగుచేశాక ఏవో గారు ఏమన్నాడో, కరస్పాండెంట్ గారు నన్నేం చెయ్యమన్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అధికారులు వచ్చారు. కడిగించామన్న ట్యాంకు ఖాళీ చేయించి చూస్తే అడుగున మోకాలి లోతు బురద ఉందట. మురుగు కాలవ గొట్టం పగిలి ట్యాంకుకి నీళ్ళు తోడే బోరు పక్కనే ఇంకుతోందట. హాస్టలు కొన్నాళ్ళు మూయించారు. ఏవో గారిని తీసేశారు. కరస్పాండెంట్ గారికి నోటీసులు వచ్చాయి, జరిమానా పడింది, అంతకుమించి ఏమీ కాలేదు. సెలవుల తరవాత కాలేజీ మళ్ళీ తెరుచుకుంది. నీళ్ళు శుద్ధిచేసే యంత్రం పక్కన ఆయన నిలబడి తీయించుకున్న ఫొటోతో ఫ్లెక్సీలు బాపట్ల రోడ్ల మీద వెలిశాయి. రైలు కిటికీలోంచి కూడా ఒకటి కనిపిస్తుంది. అది దాటేదాకా నేను రెండో వైపు చూస్తాను.

ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళి, పరీక్షలు ఎలాగో రాసి గట్టెక్కింది. రెండో సంవత్సరం రేపల్లెలోనే గవర్నమెంటు కాలేజీలో చేరింది. పొద్దున వాళ్ళమ్మతో కలిసి బయల్దేరుతుంది, సాయంత్రం ఇంటికొస్తుంది. వేసవిలో ఒకసారి నన్ను భోజనానికి పిలిచారు. గోంగూర, రొయ్యల వేపుడు చేసింది ఆమె. అమ్మాయి సాంబారు మాత్రం వాసన పడదని లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఇంట్లో సాంబారు చేయడమే మానేశారట. ఆ రోజు పక్కింటివాళ్ళు ఇచ్చారు.

మొన్నామధ్య తల్లీకూతుళ్ళు తెనాలిలో కంటి డాక్టరు దగ్గరికి వచ్చి, మా ఇంటికీ వచ్చారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. అమ్మాయి గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వాళ్ళమ్మ మొహం చిన్నబోయింది.

"ఏంటే ఆ పాడు అలవాటు? ఎవరింటికెళ్ళినా ఇంతే అక్కా, పరువు తీస్తుంది" అని కసిరింది.

"చూసుకోనివ్వండి" అన్నాను. నేను కూడా పక్కనే కూర్చుని, ఆ పిల్ల నిదానంగా చూసుకుని, మొదటి గుక్క తాగేదాకా ఆగాను.